కోట మలుపులో ఆగిన సైకిలు

సోమవారం పొద్దున డిటెక్టివ్ అంకమ్మరావు ఆఫీసుకి వచ్చిన స్త్రీ, కూర్చోమన్నా కూర్చోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

“నా పేరు రూతండి. మా ఆయన అబ్రహాము ఊళ్లు తిరిగి టీకాలు వేస్తారు. నిన్న కొండపల్లిలో ఆరాధనకి సైకిలు మీద బయల్దేరారండి. కోట మలుపులో ఒక ముసలామె కాలు విరిగి పడివుంటే, ఎత్తుకుని బెజవాడ ఆసుపత్రికి తెచ్చారు. గుద్దింది నువ్వేనని పోలీసులు ఆయన్నే లోపలేశారండి. కేసు రుజువైతే జైలు, ఆపైన ఉద్యోగం ఊడుతుంది. ఇద్దరు పిల్లలండి మాకు.”

బెజవాడలో ప్రైవేటు డిటెక్టివ్ అంటే మొగుడూ పెళ్లాల గుట్టు తవ్వేవాడని పేరు. ఆ పేరంటే అంకమ్మరావుకి ఒళ్లుమంట. ఇలాంటి కేసు కోసమే ఆయన కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తుంటాడు. అసిస్టెంటు సత్యానికి మాత్రం ఆయన ఏ కేసు పట్టినా గొప్పే. ఆయన తుమ్మినా అందులో ఏదో ఆచూకీ ఉందనుకునే రకం.

సత్యం ఆమెకి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. గ్లాసు తొణికి ఆమె చీర తడిసింది.

యుద్ధంలో పెట్రోలు కరువైనప్పటి నుంచీ ఊళ్లో కుర్రకారుకి సైకిలు మోజు పట్టింది. ఆదివారం వస్తే కొండపల్లి కోట కింద దాకా తొక్కుకుంటూ పోయి, కొండమీది బురుజులు చూసి తిరిగి రావడం ఒక సరదా. సత్యమూ ఆ సరదాలో పడ్డవాడే.

“నిన్న నువ్వూ వెళ్లావు కదోయ్. దారిలో ఎవరైనా కనిపించారా?” అని అడిగాడు అంకమ్మరావు.

“కోట దాకా వెళ్లలేదండి. నేతపేటలో వీధి పొడుగునా పడుగులు పరిచారు. దిగి నడిపించుకుంటూ వెళ్లేసరికి ఎండెక్కింది. పైగా చక్రం పంక్చరైంది. వెనక్కొచ్చేసి సైకిలు షాపులో ఇచ్చాను.”

నేతపేట సంగతి ఆ దారిన వెళ్లేవాళ్లందరికీ తెలిసిందే. నేతగాళ్లు నూలు వీధిలో బారుగా లాగి కట్టి గంజి పెడుతుంటారు. తడి నూలు మీద దుమ్ము పడకుండా సైకిలు వాళ్లు దిగి నడవడం మర్యాద. అంకమ్మరావు ఇంకేమీ అడగలేదు.

పోలీసు స్టేషనులో ఇన్‌స్పెక్టరు అబ్రహాము సైకిలు చూపించాడు. “రక్తం చూడండి. ఇంకేం కావాలి?”

అంకమ్మరావు వంగి చూశాడు. రక్తమంతా వెనక కారియరు మీదా, వెనక మడ్గార్డు మీదా ఉంది. ముందు చక్రం వంకర పోలేదు, లాంతరు అద్దం కూడా పగల్లేదు.

“మనిషిని గుద్దిన సైకిలుకి దెబ్బ ముందు తగలాలి కదండీ?”

“సాక్షి ఉన్నాడండీ,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సాక్షి బట్టల వర్తకుడు ఆదిశేషయ్య. ఆయన కూడా ఆ ఉదయం సైకిలు మీద కోట చూడబోయినవాడే. దారిలో రక్తం మరకలతో అబ్రహాము ఎదురయ్యాడని చెప్పాడు.

“గుద్దడం చూశారా?”

“చూడ్డం ఎందుకండీ? గుద్దనివాడికి మోసుకొచ్చే ఖర్మేం పట్టింది?” అన్నాడు ఆదిశేషయ్య. ఆ మాట ఆయనకి చాలా న్యాయంగా తోచింది. ఊళ్లో చాలామందికి కూడా అలాగే తోచింది, అదే దౌర్భాగ్యం.

ఆసుపత్రిలో మందుల వాసన పడదంటూ సత్యం వరండాలోనే ఆగిపోయాడు. అంకమ్మరావు ఒక్కడే కాలు విరిగిన ముసలామె పున్నమ్మ మంచం దగ్గరికి వెళ్లాడు.

“ఎనకనించి తగిలింది బాబూ. బొమ్మల బుట్ట నెత్తిన ఎట్టుకుని కోటకాడ అమ్మడానికి ఎల్తన్నా. అమాస పూట గడప దాటొద్దని కోడలు మొత్తుకుంది, నేనే ఇన్లేదు. కళ్లల్లోకి నెత్తురు కారి మనిషి ఆనలేదు. టీకాలబ్బాయి మాత్రం తరవాతొచ్చాడు. ఆ మాట చెబితే, నీకు తల తిరుగుతోంది పడుకోమన్నాడు ఆ పోలీసాయన.”

మర్నాడు ఒంట్లో బాగాలేదన్నాడు సత్యం. అంకమ్మరావు అద్దె సైకిలు తీసుకుని ఒంటరిగా బయల్దేరాడు. నేతపేటలో పడుగులు పరిచి ఉండటంతో దిగి నడిచాడు. పుల్లయ్య అనే నేతగాడు కుంచెతో గంజి పూస్తున్నాడు.

“ఆదివారం ఈ దారిన ఎవరెవరు వెళ్లారో చూశారా?”

“గుమ్మంలో కూర్చుని చూస్తానే ఉన్నానండి. ముందుగా ఒకడు రయ్యిమని దూసుకుపోయాడు. దుమ్మే గానీ మొహం కనబడితేగా! ఆ తరవాత టీకాలాయన. ఆయనెనకాల నింపాదిగా బట్టల ఆదిశేషయ్య గారు.”

ఆదివారం వీధి ఎలా ఉందో కూడా అంకమ్మరావు అడిగి తెలుసుకున్నాడు. పుల్లయ్య చెప్పింది విని సైకిలు వెనక్కి తిప్పాడు. ఆయన కోట దాకా వెళ్లనే లేదు. బెజవాడ తిరిగొచ్చి ఒక సైకిలు షాపులోకి వెళ్లాడు. బయటికి వచ్చేటప్పుడు ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ సాయంత్రం పున్నమ్మ మంచం చుట్టూ అందరూ చేరారు. ఇన్‌స్పెక్టరు, బేడీలతో అబ్రహాము, అతని పక్కన రూతు, చేతులు కట్టుకుని ఆదిశేషయ్య. రాక తప్పదన్నారు కాబట్టి సత్యం కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

“అబ్రహాము సైకిలుకి ముందు దెబ్బ లేదు. రక్తం కారియరు మీదే ఉంది. అంటే అది గుద్దిన సైకిలు కాదు, మోసిన సైకిలు,” అన్నాడు అంకమ్మరావు. “ఆదిశేషయ్య గారు అబ్రహాము వెనకాల వెళ్లారు, కనుక ఆయనా కాదు. ఇక మిగిలింది అందరికన్నా ముందు దూసుకుపోయినవాడు.”

“ఎవరండీ వాడు?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“ఆదివారం అమావాస్య. ఎంత తొందర పనున్నా నేతపేటలో ఆ రోజు మగ్గం ముట్టరు, వీధిలో పడుగు పరచరు. పుల్లయ్య ఖాళీగా గుమ్మంలో కూర్చున్నదీ, ఆ వీధిలో ఒకడు రయ్యిమని పోగలిగిందీ అందుకే. కానీ ఆ ఉదయం పడుగులు పరిచారనీ, దిగి నడిచాననీ నాతో ఒకరు చెప్పారు. ప్రతి ఆదివారం అక్కడ దిగే అలవాటున్నవాడు, అబద్ధం అవసరమయ్యేసరికి ఆ అలవాటునే అడ్డం పెట్టుకున్నాడు.”

ఆయన తలుపు వైపు చూడకుండా చెప్పుకుపోయాడు.

“పంక్చరని షాపులో ఇచ్చిన ఆ సైకిలు చూశాను. ట్యూబుకి చిల్లు లేదు. ముందు చక్రం వంగిపోయింది. మడ్గార్డు సందులో కొండపల్లి బొమ్మ చెక్క, పచ్చరంగుది, ఇరుక్కుని ఉంది. పేరు మాత్రం చెప్పలేనమ్మా రూతమ్మా. నాకు సిగ్గుగా ఉంది.”

“నేనేనండీ.”

సత్యం ముందుకొచ్చాడు.

“కోట వంక చూస్తూ మలుపు తిరిగాను. ఈమె కనబడలేదండి. ఎవరో వస్తున్న గంట వినబడితే హడలిపోయి పారిపోయాను. మర్నాడు రూతమ్మ గారు ఏడుస్తుంటే చెప్పేద్దామనే అనుకున్నాను. మీ ముందు తలెత్తుకోలేనని...”

“నా ముందా?” అన్నాడు అంకమ్మరావు. “చెయ్యని తప్పుకి ఆయన బేడీలు వేసుకుని కూర్చుంటే, నీకు నా ముందు సిగ్గేసిందా?”

పున్నమ్మ మంచంమీద కాస్త పైకి లేచి సత్యాన్ని పరీక్షగా చూసింది.

“నువ్వా నాయనా! సైకిలాపి దగ్గిరికొచ్చావు కదూ. నా మీద నీ నీడ పడింది. ‘లేపు బాబూ’ అన్నాను. గొంతు పైకి రాలేదు, నీకు ఇనపడుండదు. ఇనపడితే వదిలేసి పోతావా ఏంటి!”

ఆమె అతన్ని తప్పించడానికే ఆ మాట అంది. అవును, వినపడలేదంటే సరిపోయేది. గదిలో అందరూ అతని నోటి వంకే చూస్తున్నారు. సత్యం మంచం పట్టె పట్టుకుని నేలమీద కూలబడ్డాడు.

“వినపడిందమ్మా,” అన్నాడు.

పున్నమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. ఇన్‌స్పెక్టరు అబ్రహాము చేతులకున్న బేడీలు విప్పాడు. అంకమ్మరావు ఆ దంపతులకి చేతులు జోడించాడు గానీ, వాళ్ల మొహాలు చూడలేకపోయాడు.