రహస్యం తెలిసిన ఇతరులు

గొడుగు కింద మళ్ళీ అతనే! షూయీ ఆఫీసు మెట్ల మీద ఆగి, రాని చిరాకు తెచ్చుకుంది.

"ఏవండీ, నెల్రోజులుగా చూస్తున్నా. పనీపాటా లేదా మీకు?"

"ఇదే నా పని," అన్నాడు లైచెన్. చెవులు ఎర్రబడ్డాయి.

ఆ మాటకు షూయీ మురిసిపోయింది. ముందురోజు తన పేరున ఆఫీసుకు బబుల్ టీ పంపింది ఇతనే. సంతకం పెట్టి మరీ తీసుకుంది. ఆ తర్వాత మరో ఆరు వచ్చాయి, ఆరూ తాగింది.

ఎనిమిదో రోజు టీ రాలేదు, నోటీసు వచ్చింది.

ఉద్యోగం మానేశాక రెండేళ్ళు ఇదే రంగంలో పనిచేయకూడదని పాత కంపెనీ ఒప్పందం. చేరిన రోజు బోలెడు కాగితాల మధ్య పెట్టి సంతకం చేయించుకున్నారు. చదివి కాదంటే ఉద్యోగం ఎవడిస్తాడు? కొత్త కంపెనీలో చేరిందనడానికి సాక్ష్యం, టీ కోసం సంతకం పెడుతున్న ఆమె ఫొటో. తీసింది లైచెన్. పాత కంపెనీ కుదుర్చుకున్న నిఘా సంస్థ మనిషి.

షూయీకి ఒళ్ళు మండిపోయింది. మెట్ల దగ్గరే పట్టుకుంది.

"సిగ్గులేదూ నీకు? మొబైల్ ఆటలో బొమ్మల చొక్కాలకి గుండీలు గీసేదాన్ని! గుండీల్లో ఏం రహస్యముంటుంది? రెండేళ్ళు గీయకుండా ఎలా బతకాలి?"

"ఇలాంటి ఒప్పందం ఎవరికంటే, చట్టంలో పెద్ద మేనేజర్లు, పెద్ద ఇంజినీర్లు, 'రహస్యం తెలిసిన ఇతరులు' అనుంది. మిమ్మల్ని ఆ ఇతరుల్లో..."

"రేపు వంటమనిషినీ అందులోకే తోస్తారు! పెద్దవాళ్ళ కోసం రాసింది మా మెడకి చుడతారా?"



కార్మిక వివాదాల ట్రిబ్యునల్లో కంపెనీ లాయరు అతన్నే సాక్షిగా నిలబెట్టాడు.

"టీ పంపింది మీరేనా?" అడిగింది అధికారి.

"నేనే మేడం. కంపెనీ పంపమన్నది ఒక్కటే. మిగతా ఆరూ నా సొంతం."

"ఎందుకు?"

"సంతకం పెడుతూ ఆవిడ నవ్వింది. అక్కడే నా పని చెడింది." హాల్లో నవ్వులు. "నెల్రోజులు వెంటపడ్డాను. ఆవిడ దగ్గర ఏ రహస్యమూ దొరకలేదు. నా దగ్గరే ఒకటి తయారైంది."

షూయీ తల దించుకుంది. కోపం మాత్రం దిగలేదు.

గుండీల్లో రహస్యమేమిటో చెప్పమంటే లాయరు కాగితాలు తిరగేస్తూ ఉండిపోయాడు. రెండు వారాలకు తీర్పు వచ్చింది. షూయీ ఆ 'ఇతరుల్లో' మనిషి కాదు, ఆమె పనికి అడ్డుపడే హక్కు కంపెనీకి లేదు.

తీర్పు కాగితంతో ట్రిబ్యునల్ నుంచి బయటికొస్తే మెట్ల కింద లైచెన్.

"కోపం పోయిందా?"

"దొంగచాటుగా ఫొటోలు తీస్తావా? చచ్చేదాకా పోదు."

"అన్నాళ్ళూ పక్కనే ఉండి తిట్లు తింటాను."

నవ్వు ఆపుకోలేకపోయింది. "ఉద్యోగముందా అసలు?"

"సాక్ష్యం చెప్పిన రోజే తీసేశారు. ఇంకో నిఘా కంపెనీలో చేరదామంటే రెండేళ్ళు కుదరదట. నాకూ ఒప్పందముంది."

షూయీ నవ్వు ఎగిరిపోయింది.

"నీకు కూడానా! ఏదీ ఆ కాగితం?"

సమాధానం కోసం ఆగలేదు. అతని చెయ్యి పట్టుకుని అవే మెట్లు ఎక్కించింది. ఫిర్యాదుల కిటికీ ముందు చాలా పెద్ద వరసే ఉంది. వంతు వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు.