కంత కాడ తొడముక్క

యూనివర్సిటీ క్యాంపస్ ఎనక, మాణికేశ్వర్ నగర్ దిక్కు, గుట్టల నడుమ ఒక కంత ఉన్నది. వానకాలం వాగు పారి పారి బండను నిలువున కోసింది. రెండు దిక్కుల గోడల్లెక్క రాళ్లు, నడుమ ఒక్క మనిషి పట్టేంత తొవ్వ. దానికి కూర కంత అని పేరు.

పొద్దుగూకినంక ఆడ దెయ్యం తిరుగుతదంట. మనిషిని పట్టదు, నెత్తురు తాగదు... కూర తింటది. ఎన్కట ఎవరో కడుపుతో ఉన్నామె నాటుకోడి కావాలె, నాటుకోడి కావాలె అనుకుంటనే ఆడ పానం ఇడిసిందంట. అప్పట్నుంచి ఆ తొవ్వల కోడికూర తెచ్చినోడు ఇంటికి పోయి మూత తీస్తే — పులుసే. ముక్కలుండయి.

"తొవ్వల నంజుకొని దెయ్యం మీద పెడ్తున్నరు" అనేటోళ్లు గూడ ఉన్నరు. కానీ చీకటైతే వాళ్లు గూడ రోడ్డు మీదికెళ్లే పోతరు.

తార్నాకల ఉండే రవికాంత్ మాత్రం దాన్ని "కెన్యన్" అంటడు. ఆదివారమొస్తే పదిమందిని ఎంటేసుకొని ఆ గుట్టల పొంటి హైకింగ్ పోతడు. పొద్దున పోయి మాపటికి వచ్చే నడకకు చేతిల కట్టె, నెత్తికి టోపీ, మోకాళ్లకు పట్టీలు... మంచుకొండలు ఎక్కబోయినంత సామాను.

ఆ ఆదివారం బామ్మర్ది పరశురాంను గూడ తీస్కపోయిండు. పరశురాం ఊరినుంచి కొత్తగ వచ్చిండు. మాట తక్వ, సిగ్గెక్వ. పిలగానికి హైకింగ్ మీద పానం లేదు. వాళ్ల అక్క మహేశ్వరికి ఐదో నెల. పెద్దమ్మ చేతి నాటుకోడి తినాలెనని ఒక్కటే పాట. కడుపుతో ఉన్నామె కోరింది పెట్టకుంటే పుట్టే బిడ్డకు చెవుల చీము కారుతదంటరు. పెద్దమ్మ ఉండేది మాణికేశ్వర్ నగర్లనే. నడక అయినంక కూర తీస్కొని అక్కకు ఇయ్యాలె — పరశురాం మనసంత గదే.

మాపటికి హైకింగోళ్లంత ఆటోలెక్కి పోయిండ్రు. బావబామ్మర్దులు పెద్దమ్మ ఇంటికి పోయిండ్రు. పెద్దమ్మ స్టీలు డబ్బ సంచిల పెట్టి, పైన బొగ్గుముక్క, ఎండుమిరపకాయ ఏసింది.

"బిడ్డా, నీసు పట్టుకపోతున్నవు. బొగ్గు తీయకు. కంత దిక్కు పోకుండ్రి."

"సరే పెద్దమ్మా."

గల్లి తిరిగిందో లేదో, రవికాంత్ బొగ్గు తీసి మోరిల పారేసిండు. మిరపకాయను గూడ.

"కూర మీద బొగ్గేంది రా, ఇన్‌ఫెక్షన్! నడువ్, కెన్యన్ల కెళ్లి పోతే ఇట్ల తార్నాక."

"పెద్దమ్మ వద్దన్నది బావా..."

"హైక్ లీడర్ ఎవరు? నేనా, పెద్దమ్మనా?"



కంతల అడుగువెట్టంగనే ఎలుగు ఆరినట్టయింది. రోడ్డు మీది హారన్లు గూడ ఆగినయి. బావ ముందల, పరశురాం ఎనకాల. సంచి ఛాతికి అదుముకున్నడు.

సర్... సర్...

ఎనకాల ఎవరో నడుస్తున్నట్టు. వీళ్లు ఆగిండ్రు — అది గూడ ఆగింది. వీళ్లు నడిచిండ్రు — సర్... సర్...

"బావా."

"ఎనకకు చూడకు. కుక్క."

"కుక్కకు గాజులుంటయా బావా?"

రవికాంత్ నిలవడ్డడు. నిజమే... గలగల మంటున్నయి. రాళ్ల నడుమ ఎవరో ముక్కుతోని వాసన పీల్చినట్టు, నిమ్మలంగ, ఆబగ... హుమ్మ్.

"ఆ డబ్బ పారెయ్ రా!" లీడర్ గొంతు కీచుమన్నది.

"అక్కది బావా."

"అక్కకు నేనున్నగదా! ఫ్యామిలీ ప్యాక్ తెప్పిస్త! పారెయ్!"

"పెద్దమ్మ చేతిది రాదుగద..."

పరశురాం డబ్బ ఇడువలే. ఎనకకు తిరగకుంటనే, నేలకు చూసుకుంట అన్నడు —

"అక్కా... నీకు గూడ ఆశయితున్నదా?"

గాజుల సప్పుడు ఆగింది.

"కోడికి రెండు తొడలుంటయి అక్కా. ఒకటి మా అక్కకు. ఒకటి నీకు పెడ్త. మల్ల ఎంబడి రావొద్దు, సరేనా?"

"దానితోని బేరమా రా, నీయమ్మ!" రవికాంత్ కట్టె ఆడనే ఇడిసి ఉరికిండు.

పరశురాం డబ్బ మూతల తొడముక్క పెట్టిండు, రెండు చెంచాలంత పులుసు గూడ పోసిండు — ఉత్త ముక్క పెడితే మర్యాద కాదని. మూతను బండ మీద పెట్టి, బావ టోపీ కింద పడుంటే తీసి డబ్బకు కప్పి, ఎనకకు చూడకుంట నడిచిండు.

ఎంబడి ఏదీ రాలే.

"కూరకు టోపీ ఎందుకు పెట్టిండ్రు?" అనుకుంటనే ఇంటికాడ మహేశ్వరి కడుపునిండ తిన్నది. బొక్కలు గూడ ఇడువలే.

తెల్లారి రవికాంత్‌కు పౌరుషం వచ్చింది. "కుక్కనే అది. నడువ్, పండ్లగాట్లు చూపిస్త" అని బామ్మర్దిని కంత కాడికి గుంజుకపోయిండు.

మూత బండ మీదనే ఉన్నది. తోమి... కడిగి... బోర్లిచ్చి.

"కుక్క నాకితే గిట్లనే మెరుస్తది" అన్నడు రవికాంత్.

"బోర్లిస్తదా బావా?"

"...గాలికి."

పరశురాం మూత లేపిండు. కింద పచ్చి చింతకాయలు, దోసెడు. తొడిమెలకు ఇంక తడి ఆరలే. చుట్టుముట్టు చూస్తే రాళ్లు, తుమ్మ చెట్లు. చింతచెట్టన్నదే లేదు. గిన్నెను ఉత్తగ తిరిగియ్యొద్దని మన ఆడోళ్లు ఏదో ఒకటి ఏసి ఇస్తరు సూడు... గట్ల.

ఇంటికి ఇద్దరు రోడ్డు మీదికెళ్లే వచ్చిండ్రు.

మహేశ్వరి చింతకాయలు చూసుడుతోనే లాక్కొని ఉప్పు అద్దుకున్నది. "అమ్మో, తినకు!" అని మొగడు ఉరికొచ్చేవరకు సగం ఒడిసినయి.

"పొద్దుగాల్నుంచి గివ్వే యాదికొస్తున్నయి రా. మీకెవలు చెప్పిండ్రు?"

"మాకెవలు చెప్పలే... ఒక అక్క ఇచ్చింది" అన్నడు పరశురాం, నేలకు చూసుకుంట.

మహేశ్వరి ఏళ్లు నాక్కుంట ముసిముసి నవ్వింది.

"ఆమెకు గూడ మస్తు ఎర్కనే... ఇంతకు, ఆమెకు ఎన్నో నెల రా?"