వేదనావాహిని

అంగారకుడి మీద కొత్తరేవు కాలనీలో ఆసుపత్రికి వచ్చినవాళ్ళు తమకేమైందో చెప్పడం మానేసి చాలాకాలమైంది. బెంచీ మీద కూర్చుని, మణికట్టుకు పట్టీ కట్టించుకుని చేయి చాపుతారు. ఎదురుగా ఉన్న వైద్య సహాయకురాలు తొడుగు వేసుకుని ఆ చేయి పట్టుకుంటుంది. కాసేపటికి ఆవిడే మొహం చిట్లించి, ఎడమవైపు కింది దవడలో చివరి పన్ను కదా అంటుంది. వచ్చినవాడు తలూపుతాడు. వాదించడానికేమీ ఉండదు, ఆ పన్ను నొప్పి ఇప్పుడు ఆవిడక్కూడా ఉంది మరి.

ఆ తొడుగు పేరు వేదనావాహిని. అంత పేరు నోరు తిరగక గని కార్మికులు నొప్పి గ్లౌజు అంటారు. దాన్ని తయారుచేసింది డాక్టర్ మెహరున్నీసా, కాలనీ మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క డాక్టరు. ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టినా ఆ కబురు నాడీ సంకేతంగా, అంటే న్యూరల్ సిగ్నల్‌గా, మెదడుకు వెళుతుంది. పట్టీ ఆ సంకేతాన్ని దారిలోనే చదువుతుంది. తొడుగు దాన్ని వేసుకున్నవాళ్ళ నాడుల్లోకి పంపుతుంది. రోగికి మోకాలు సలిపితే వీళ్ళకూ అదే మోకాలు, అంతే సలుపుతుంది. తెర మీద గీతలూ అంకెలూ ఏవీ ఉండవు. భూమి మీది పెద్ద డాక్టర్లను అడుగుదామంటే ప్రశ్న వెళ్ళి జవాబు వచ్చేలోపు ఇక్కడ మనిషి దక్కకపోవచ్చు. అందుకే ఇక్కడ చాలామందికి వైద్య సహాయకులే డాక్టర్లు.

తరళ ఆ వైద్య సహాయకుల శిక్షణలో చేరినప్పుడు తనకు తెలియనిది లేదని ఆమె గట్టి నమ్మకం. రోగి నోరు తెరవకముందే జబ్బు పేరు, మందు పేరు రెండూ చెప్పేసేది. మెహరున్నీసా ఆమెను ఒక్క మాటా అనలేదు. తొడుగు చేతికిచ్చి, నెలలు నిండిన ఒక వెల్డరమ్మాయి ఎదురుగా కూర్చోబెట్టింది. తరళ నడుము నొప్పి కోసం ఎదురుచూసింది. అది వచ్చింది కూడా. ఆ తర్వాత, ఏమీ లేని తన కడుపులో ఏదో మెల్లగా ఒత్తిగిలింది. ఇంకా ఏ లోకంలోనూ నేల తొక్కని చిన్న పాదం ఒకటి ఆమె పక్కటెముకను లోపలినుంచి తన్నింది. తరళ కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

ఆ రోజునుంచి ఆమె మాటలు తగ్గాయి. ముసలివాళ్ళ కీళ్ళు, చంటిపిల్లల చెవిపోటు, దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల్లో గాలి గీసుకుంటూ వెళ్ళే తీరు, ఒక్కొక్కటీ ఆమె ఒంటికి తెలిసొచ్చాయి. ఇంటికి వెళ్ళేటప్పుడు సొరంగం వీధిలో ఎదురయ్యేవాళ్ళను కొత్తగా చూసేది. ఇంతింత మోస్తూ వీళ్ళంతా నవ్వుతూ ఎలా నడుస్తున్నారా అని ఆశ్చర్యపోయేది. ఆ ఆశ్చర్యమే ఆమెకు అసలు చదువైంది.

మెహరున్నీసా కూడా సరిగ్గా ఇదే కోరుకుంది. "పక్కవాడి నొప్పి పక్కవాడిదిగా ఉన్నంతసేపూ మనకు నిద్ర పడుతుంది తరళా. అది మనదైపోయిందనుకో, ఇంకెవరూ నిర్లక్ష్యం చెయ్యలేరు" అని ఒకసారి అంది. ఆవిడ ఇరవయ్యేళ్ళ శ్రమంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

శిక్షణ చివర ఒక పరీక్ష. ఒక పూటంతా తరళ ఒక్కతే రోగులను చూడాలి, మెహరున్నీసా దూరంగా కూర్చుని గమనిస్తుంది. నెగ్గితే ఉత్తర గనికి పంపుతారు. అక్కడ డాక్టరు లేరు, వైద్య సహాయకులూ లేరు. కార్మికులు ఆమె ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నారు. ఆ సంగతి తలుచుకుంటూ పొద్దున ఏమీ తినకుండానే వచ్చింది తరళ.

చివరగా గని మేస్త్రీ అప్పలస్వామి కుంటుకుంటూ వచ్చాడు. "ఏటీ లేదమ్మా, రాయి జారి కాలిమీద పడింది. కట్టు కట్టీసి పంపిచ్చీ, షిఫ్టుకి ఎల్లిపోవాల" అన్నాడు.

తరళ అతని చేయి పట్టుకుంది. పాదం భగ్గుమంది. ఏ ఎముక చిట్లిందో, ఏది కమిలి ఊరుకుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగింది. దాంతోపాటు గుండెల మీద కాస్త బరువుగా అనిపించింది. దవడ కొంచెం లాగింది. ఖాళీ కడుపు, దానికితోడు పరీక్ష కంగారు. తరళ భుజాలు సర్దుకుని, రెండు గుక్కల నీళ్ళు తాగి, మళ్ళీ పనిలో పడింది. కట్టు ఎంత పొందిగ్గా కట్టిందంటే దూరంనుంచి చూస్తున్న మెహరున్నీసా మొహం వికసించింది. అప్పలస్వామి చల్లగా ఉండమ్మా అని దీవించి లేచాడు. గుమ్మం దాటుతూనే కుప్పకూలాడు.

ఇద్దరూ పరుగెత్తారు. మెహరున్నీసా అతని గుండెలో మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచింది. అప్పలస్వామి బతికాడు. కానీ గుండెలో కొంతభాగం చచ్చుబడింది, ఇక గనిలోకి దిగలేడు. అతన్ని నర్సుకు అప్పగించి వచ్చి, ఆవిడ ముందు తరళ చేతికున్న తొడుగును పరీక్షించింది. దాంట్లో ఏ లోపమూ లేదు.

"నీకేమీ తెలియలేదా?" అని అడిగింది.

"తెలిసింది మేడమ్. గుండెల మీద బరువుగా అనిపించింది. దవడ లాగింది."

"మరి?"

"నాదే అనుకున్నాను."

మెహరున్నీసా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "నీదే అనుకో. ఆ రెండూ కలిసి వస్తే ఏమిటో నీకు మొదట్లోనే చెప్పాను కదా. నీ గుండే ఆగిపోబోతోందేమో. నన్నెందుకు పిలవలేదు?"

తరళ తల దించుకుంది. "నాకే కదా అని ఊరుకున్నాను మేడమ్."

ఆ మాటతో మెహరున్నీసాకు ఇదివరకటి శిష్యులు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. అపెండిసైటిస్‌ను పట్టుకోలేకపోయిన కుర్రాడు, మెదడులో గడ్డను తలనొప్పిగా వదిలేసిన అమ్మాయి, అందరూ మెరికల్లాంటివాళ్ళే. నొప్పి బాగా అందినవాళ్ళే దాన్ని ఎక్కువగా వదిలేశారు. అప్పట్లో అదంతా వాళ్ళ పరధ్యానం అనుకుంది ఆవిడ. పక్కింటాయనకు తలనొప్పంటే మాత్ర పట్టుకుని పరుగెత్తే మనిషి, తన తలనొప్పిని అదే తగ్గుతుందిలే అని దులిపేసుకుంటాడు. పరాయి నొప్పిని ఇరవయ్యేళ్ళపాటు దగ్గరికి, ఇంకా దగ్గరికి లాక్కొచ్చి, చివరికి ఎవరూ పట్టించుకోని చోట పెట్టేసింది తను.

తరళ తొడుగు విప్పి బల్లమీద పెట్టింది. ఉత్తర గనికి తాను తగనని, ఇంకెవరినైనా చూసుకోమని అంది. తప్పు తొడుగుదేనని, నొప్పి పరాయిదని తెలిసేలా దాన్ని మార్చాలని చెబుతూ మెహరున్నీసా కుర్చీలోంచి లేచింది. లేస్తూ బల్ల అంచు పట్టుకుంది. ఒక్క క్షణం అలాగే ఆగింది.

తరళ అది చూసింది. మళ్ళీ తొడుగు వేసుకుని, రోగుల పట్టీ తీసి ఆవిడ మణికట్టుకు కట్టింది.

"ఇదేమిటి?"

"పరీక్ష ఇంకా అవ్వలేదు మేడమ్."

ఇన్నేళ్ళలో ఆ చేతికి ఎవరూ పట్టీ కట్టలేదు. ఉన్న ఒక్క డాక్టర్ని ఎవరు చూస్తారు? తరళ ఆ చేయి పట్టుకోగానే కుడి డొక్కలో నిప్పు రాజుకుని వీపులోకి పాకింది. నిలబడటమే కష్టమైంది. ఈ మనిషి ఇదంతా లోపల పెట్టుకుని రోజూ ఊరందరి నొప్పులూ చూస్తోంది. పొద్దున్నుంచీ తినలేదు కదా అని తరళ మనసు అలవాటు కొద్దీ గొణిగింది. ఈసారి ఆమె దాని మాట వినలేదు.

"మేడమ్, ఇది మీది."

"అది పాతదేలే తరళా. పద, ముందు అప్పలస్వామిని చూసొద్దాం."

తరళ చేయి వదల్లేదు. "అప్పలస్వామి బాబాయ్ దగ్గర నర్సు ఉంది. మీ దగ్గర నేనున్నాను. పడుకోండి."

మెహరున్నీసా రోగుల మంచం వంక కొత్తచోటు చూసినట్టు చూసింది. తర్వాత చెప్పులు విడిచి, మెల్లగా పడుకుంది.