మంచు మందు

"ఏటే ఇది?" అంది అచ్చియ్యమ్మ, నూతి దగ్గర చిన్న కూతురి కాళ్లు కడుగుతూ.

చిన్నమ్మి మడమ మీద పులిపిరికాయ. దాని మధ్యలో నల్లటి చుక్కలు.

"సెప్పుల్లేకుండా సెరుకు తోటల్లో తిరగొద్దంటే ఇన్నావా? ఇప్పుడు మీ అప్పకి పెట్టినట్టే నీకూ మంచు మందు పెట్టించాల." వీపు మీద ఒకటి అంటించింది కూడా. చిన్నమ్మి ఏడుపు లంకించుకుంది.

గుమ్మంలో నిలబడ్డ పెద్దకూతురు రాజ్యం తన కాలు వెనక్కి లాక్కుంది. ఆ దెబ్బ తనకు పడాల్సింది.

దసరా సెలవుల్లో విశాఖపట్నం ఆసుపత్రిలో డాక్టరుగారు రాజ్యం అరికాలి పులిపిరికి మంచు మందు పెట్టారు. పేరుకే మంచు. తగిలితే నిప్పులా కాలింది. "ఇంకోసారి పెట్టాలి, మళ్లీ రా. ఇది అంటుకుంటుంది. కాళ్లు తోముకునే రాయి నీది వేరుగా ఉంచుకో," అన్నారు.

రాజ్యం మళ్లీ వెళ్తేనా? "పోయిందమ్మా," అని అబద్ధం ఆడేసింది. మిగిలిన ముక్కను తనే అరగదీద్దామని రోజూ నూతిగట్టు రాయి మీద రుద్దింది. ఇంటిల్లిపాదీ మడమలు తోముకునేది ఆ రాయి మీదే. పులిపిరి రుద్దితే పోతుందా? ఇంకా బలిసింది. ఇప్పుడు చెల్లికీ అంటుకుంది.

చెబితే మళ్లీ ఆ మంట. చెప్పకపోతే చెల్లి ముఖంలోకి ఎలా చూడటం?

మర్నాడు తల్లి ఇద్దరినీ వెంటబెట్టుకుని బస్సెక్కింది.

"అప్పా, నొప్పెడతాదా?" అంది చిన్నమ్మి దారిలో. రాజ్యం కిటికీ వైపు తిరిగిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరుగారు దూది చుట్టిన పుల్లను మందులో ముంచి తీశారు. దాని నుంచి తెల్లటి పొగ లేచింది. చిన్నమ్మి బెదిరిపోయి బల్ల దిగి తల్లిని చుట్టేసుకుంది.

"నాను సెప్పులేసుకునే తిరిగేనమ్మా. ఒట్టు," అని వెక్కి వెక్కి ఏడ్చింది.

రాజ్యం ఇక ఉండలేకపోయింది. "అది సెప్పింది నిజమేనమ్మా. నాది పోలేదు. పోయిందని అబద్ధం సెప్పేను. నూతికాడ రాయి మీద రుద్దేను. నా వల్లే దానికొచ్చింది."

అచ్చియ్యమ్మ రాజ్యం వైపు చూడకుండా చిన్నమ్మి వీపు నిమిరింది. తిట్టినా బాగుండేది. రాజ్యం చెల్లి చెయ్యి పట్టుకోబోయింది. చిన్నమ్మి విదిలించుకుంది.

రాజ్యం కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఇక దాచకుండా కుంటుకుంటూ వెళ్లి తనే బల్లెక్కింది. కాలు డాక్టరుగారి ముందుకు చాపింది.

"ముందు నాకు పెట్టండి బాబూ," అంది.