పసిచేతి ఊట

ఇంకాస్త ఇటు జరగండి, నా మోకాళ్ళకు ఆనుకుని కూర్చోండి. ఇది గట్టిగా అరిచి చెప్పే మాట కాదు. కుందేటిగట్టు అనే కొండ కింద ఊటవల బతికున్న కాలంలో జరిగింది.

ఆ కాలంలో బోర్లు లేవు, మోటార్లు లేవు, ట్యాంకరు వెంట బిందెలతో పరుగులూ లేవు. గట్టును ఆనుకుని మీదిపల్లె, కిందిపల్లె అని రెండు ఊళ్ళు; ఒక్కో ఊరి నడుమ తిరగలి అంత నల్లరాయి ఒకటి ఉండేది. దాన్ని చేతిరాయి అనేవాళ్ళు. పొద్దున్నే వెళ్ళి అరచెయ్యి ఆనిస్తే, రాయి కాసేపు ఆలోచించేది. తర్వాత దాని అడుగున ఊట పుట్టి బిందెలోకి దిగేది. దప్పిక ఎక్కువున్నవాళ్ళకు ఎక్కువ, తక్కువున్నవాళ్ళకు తక్కువ. మీరు నవ్వుతారు గానీ, అప్పటి పిల్లలకు అదేమీ వింత కాదు.

అంతకు ముందు ఆ గట్టు బోడిగుండులా ఉండేది. వాన పడితే నీళ్ళు మట్టిని కూడా ఈడ్చుకుని వాగులో కలిసిపోయేవి. పెద్దవాళ్ళు వాలుకు అడ్డంగా కందకాలు తవ్వారు, రాళ్ళు పేర్చి కట్టలు వేశారు, కట్టల వెంబడి వట్టివేళ్ళ గడ్డి నాటారు. నీళ్ళు ఆగడం మొదలుపెట్టాయి, మెల్లగా మట్టిలోకి దిగాయి. ఆ తడిమట్టిలోనే సువర్చల అనే శాస్త్రవేత్త ఊటవలను విత్తింది.

ఊటవల యంత్రం కాదు, అలాగని మొక్కా కాదు. అదొక శిలీంధ్రం, ఫంగస్ అంటామే, అది. పుట్టగొడుగు పీకితే అడుగున తెల్లటి పోగులు కనిపిస్తాయి చూడండి, అలాంటి పోగులు గట్టు పొడవునా, మీదిపల్లె కిందా, కిందిపల్లె కిందా అల్లుకుపోయాయి. వాననీటిని స్పాంజిలా పట్టి ఉంచి, అడిగినచోటికి పంపేవి. ఒంట్లో నీళ్ళు తగ్గితే చెమటలో ఉప్పు చిక్కబడుతుంది కదా? చేతిరాయిలో ఉన్న రుచిగ్రాహకం, అంటే ఉప్పును పసిగట్టే సెన్సర్, అరచేతి చెమటను బట్టి దప్పికను కొలిచేది. అంతా బాగానే ఉంది. కానీ అడిగినవాళ్ళను నమ్మడం తప్ప దానికి వేరే విద్య రాదు.

మీదిపల్లెలో గంగులప్ప అని ఒక ఆసామి. ఒకరోజు సంగటి తిని, చెయ్యి కడుక్కోకుండానే రాయి ముట్టుకున్నాడు. బిందె నిండి, పొర్లి, కాళ్ళ చెప్పులు కూడా తడిసిపోయాయి.

"నా చేతిలో ఏదో మహిమ ఉండాదే!" అన్నాడు పెళ్ళాంతో.

"మహిమ గాదు, ఊరగాయ! ముందు మూతి తుడుచుకో," అంది ఆమె. అన్నదే గానీ, మర్నాడు తనే ఉప్పు చేతికి రాసుకుని వెళ్ళింది.

ఇంకేముంది, వారం తిరక్కుండా మీదిపల్లె అంతా ఉప్పుచేతులే. కిందిపల్లె రాయి ఎండిపోయింది. సంగతి తెలిసి వాళ్ళూ ఉప్పు అందుకున్నారు. ఊటవలకు మాటా వచ్చు; గట్టులో నీళ్ళు తరిగిపోతున్నాయని రాయిలోంచి సన్నగొంతుతో చెబుతూనే ఉంది. "కందకాలు పూడిపోయాయి. వాన నాలోకి దిగడం లేదు," అనేది.

"పూడిక తీసేది ఎవురప్పా? నువ్వుండావు గదా. ముందు బిందె నింపు," అనేవాళ్ళు జనం.

సువర్చల పరుగున వచ్చింది. రాయి పక్కన కూర్చుని, "ఎందుకిలా ధారపోస్తున్నావు?" అని అడిగింది.

విత్తింది ఆమే కాబట్టి, ఊటవల ఆమెను అమ్మా అని పిలిచేది. "అందరూ చావుకు దగ్గరగా ఉన్నారమ్మా. చేతులు అలాగే చెబుతున్నాయి."

"అది అబద్ధం."

"అబద్ధం అంటే ఏమిటి?"

అబద్ధాన్ని నేర్పడం కంటే, అబద్ధం తెలియని చేతిని చూపించడం తేలిక అనుకుంది సువర్చల. ఊరు ఎండితే తల్లులు ఎండుతారు, తల్లులు ఎండితే బిడ్డల అరచేతులు చెబుతాయి. అందుకని ఉప్పుతో పాటు నాడినీ, ఒంటి వేడినీ, ఏడుపునూ పోల్చి చూడమని ఊటవలకు నేర్పింది. ఇకమీదట పాలుతాగే బిడ్డ చెయ్యి పెడితేనే ఊట. ఆ బిడ్డ దప్పికను బట్టి ఊరందరి వంతూ దిగుతుంది.

ఆ ఏడు రెండు ఊళ్ళూ సమానంగా తాగాయి. సువర్చలకు పూలదండలు వేసి పంపారు.

మరుసటి ఏడు వాన ముఖం చాటేసింది. ఎండలు ముదిరాక సువర్చల మళ్ళీ కిందిపల్లెకు వచ్చింది. రాయి దగ్గర బిందెల వరస. వరస ముందు మారెక్క అనే పెద్దావిడ, ఒళ్ళో మనవరాలు. బిడ్డ ఏడుస్తోంది. ఏడుపులో గొంతు లేదు, గాలి మాత్రమే. పక్కనే కోడలు జయంతి నిలబడి ఉంది. పాలు కారి ఆమె రవిక తడిసిపోయింది.

"ముందు పాలివ్వు తల్లీ!" అంది సువర్చల.

మారెక్క అడ్డం తిరిగింది. "గమ్మునుండు మేడమ్. కడుపు నిండిన బిడ్డ చెయ్యి పెడితే చెంబుడు వస్తాది. ఎండిన బిడ్డ పెడితే ఊరికంతా వస్తాది. ఒక్క పూట ఆపితే ఏమైతాది? మేం పస్తులుండి పెరగలేదా?"

"ఒక్క పూటనా అత్తా? నిన్న మాపటి నుంచీ బిడ్డను నాకియ్యలేదు నువ్వు!"

"మీదిపల్లోళ్ళు బిడ్డల్ని ఎండలో పండబెడతాండారంట. మనం నీడలో పెట్టుకున్నాం. ఇంగా మనమే మేలు."

సువర్చల మోకాళ్ళ మీద కూలబడి రాతికి నోరు ఆనించింది. "ఇవ్వకు. వీళ్ళు మోసం చేస్తున్నారు."

"బిడ్డ మోసం చెయ్యడం లేదమ్మా. ఈ దప్పిక నిజం."

"అది వీళ్ళు పెట్టిన దప్పిక! బిడ్డల్ని కూడా నమ్మకు ఇక."

రాయి తిరిగి అడిగింది, "అయితే ఎవరిని నమ్మమంటావు?"

ఈలోగా మారెక్క బిడ్డ చేతిని రాతికి ఆనించింది. ఊట ఎగజిమ్మింది. బిందెలు ఒకదాని వెనక ఒకటి నిండుతున్నాయి. జయంతి ఇక ఆగలేదు. రాయి పక్కనే చతికిలబడి, అత్త ఒళ్ళోంచి బిడ్డను లాక్కుని రొమ్ముకు అదుముకుంది. మారెక్క బిడ్డ మణికట్టు మాత్రం వదల్లేదు. పసిచెయ్యి రాతి మీదే ఉంది.

బిడ్డ గుటక వేసింది. ధార కాస్త సన్నబడింది. ఇంకో గుటక, ఇంకాస్త సన్నబడింది. వరస వెనక ఖాళీ బిందెలతో ముసలివాళ్ళు, చూలాలు ఒకావిడ, నిలబడి చూస్తున్నారు.

"ఇంకొక్క బిందె నిండనీ అమ్మా," అంది ఒక గొంతు. "ఒక్క నిమిషం ఆపు, అంతే."

జయంతి తలెత్తి ఆ మనిషిని చూసింది. అటు వీపు తిప్పుకుని, బిడ్డకు కడుపునిండా పాలిచ్చింది. ఊట ఆగిపోయింది.

ఈ కథ మీరూ గుర్తుపెట్టుకోండి నాయనా, మీ తర్వాతివాళ్ళకు చెప్పండి. చెప్పేటప్పుడు ఒక్కటి మాత్రం మార్చకండి. ఇంకొక్క బిందె అన్నది మారెక్క అని చాలామంది చెబుతారు. అలా చెబితే వినడానికి బాగుంటుంది. కానీ మారెక్క ఆ మాట అనలేదు. వెనక ఉన్న ఖాళీ బిందెలను చూసి, జాలిపడి, అన్నది సువర్చల.