ఉప్పు చూసే రెడ్డెమ్మ

“ఉప్పూ!”

గోనెపట్టా పరదా వెనక నుంచి ఆ కేక వినపడిందో లేదో, రెడ్డెమ్మ చేతిలోని గచ్చకాయలు అక్కడే వదిలేసి లేచింది. ఆట మధ్యలో ఉంది. గెలుస్తోంది కూడా. అయితే ఏం? కొలువుకు పిలుపు వచ్చాక ఇంక ఆటలేమిటి?

“వస్తాండా మరియమత్తా!” అని అరిచి పరుగు తీసింది.

మదనపల్లెలో బస్సులు ఆగే చోటికి ఎదురుగా, మసీదు పక్కనే, ఇస్మాయిల్ టీ అంగడి ఉంది. రెండు బల్లలు, రెండు పొయ్యిలు, పైన గడ్డి కప్పు. ఇస్మాయిల్ ముందు పొయ్యి మీద టీ కాస్తాడు. ఆయన భార్య మరియం వెనక పొయ్యి మీద వడలు, బోండాలు వేస్తుంది, సాయంత్రం గంజి కాస్తుంది. తంబళ్లపల్లె నుంచి గొర్రెలు తోలుకొచ్చినవాళ్లూ, నిమ్మనపల్లె నుంచి చెనక్కాయల బస్తాలు తెచ్చినవాళ్లూ అక్కడే ఆగి, ఏదో ఒకటి కడుపులో వేసుకుని పోయేవాళ్లు.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. చక్కెర దొరకదు, టీలో బెల్లమే. పెట్రోలు దొరకదు, బస్సులకు వెనక బొగ్గుల పొయ్యి తగిలించి నడిపేవాళ్లు. “నా బస్సు కన్నా ఇస్మాయిల్ పొయ్యే ముందు రాజుకుంటాది” అని పుంగనూరు బస్సు కండక్టర్ గోవిందరాజులు తన బస్సును తనే వెక్కిరించుకునేవాడు.

ఇప్పుడు రంజాన్ నెల. ఇస్మాయిల్ ఇంట్లో అందరూ ఉపవాసం. పగలంతా మంచినీళ్లు కూడా ముట్టరు. అయినా అంగడి మూయలేదు. దూరపు ఊళ్లకు పోయేవాళ్లకు ఆకలి ఆగదు కదా! అందుకని అంగడి ముందు గోనెపట్టా పరదా కట్టారు. తినేవాళ్లు దాని వెనక కూర్చుని తింటారు.

చిక్కల్లా ఒక్కటే. ఉపవాసం ఉన్న మనిషి తాను వండింది రుచి చూడదు. నాలుక కొసన పెట్టుకుని ఉమ్మేస్తే తప్పు లేదని కొందరు అంటారు. మరియం దానికీ ఒప్పుకోదు. మరి ఉప్పు సరిపోయిందో లేదో తెలిసేదెట్లా?

పోయిన ఏడాది దాకా ఆ పని ఆమె కూతురు షంషాద్‌ది. ఈ ఏడు తానూ ఉపవాసం ఉంటానని షంషాద్ పట్టుబట్టింది. దాంతో ఉప్పు చూసే ఉద్యోగం వెనకింటి రెడ్డెమ్మకు వచ్చింది. ఇద్దరూ ఒక ఈడువాళ్లే, ఒక బడే.

రెడ్డెమ్మకు ఆ ఉద్యోగం అంటే ప్రాణం. ఎందుకంటారా? ఇంట్లో ఏం మాట్లాడినా “నీకేం తెల్సు, పో” అనేవాళ్లే. ఇక్కడ అట్లా కాదు. అరచేతిలో గంజి పోయించుకుని, కళ్లు మూసుకుని, నాలుక చప్పరించి, “ఇంకొక చిటికెడు” అంటే చాలు, మరియమత్త మారు మాట్లాడకుండా చిటికెడు వేసేది. ఆ పొయ్యి దగ్గర రెడ్డెమ్మ మాట తాసిల్దారు హుకుమే.

ఆ రోజు మధ్యాహ్నం వడపిండి రుచి చూసి, “సరిపోయింది” అని తీర్పు చెప్పి, మొదటి వడ జీతంగా అందుకుంది. మరియం ఎప్పుడూ నవ్వుతూ ఇచ్చేది. ఈ రోజు నవ్వలేదు.

“యాల అట్ల ఉండావత్తా?”

“గుండె దడదడా అంటాండాదమ్మా. మసీదు గంజి కాసే అలావుద్దీన్ తాతకు జ్వరం. పొద్దున మసీదు పెద్ద షరీఫ్ తాత వచ్చి, ఈ రోజు మసీదు గంజి నువ్వే కాయాల అన్నాడు. ఊర్లో ఉపవాసం ఉండేవాళ్లంతా పొద్దు గుంకినాక ఆ గంజే తాగాల. బాగుంటే సరే. బాగలేకుంటే ఇంకెప్పుడూ మనల్ని అడగరు.”

“బాగుంటాది లేత్తా. నేనుండా గదా!” అంది రెడ్డెమ్మ.

వడ తింటూ బయటికి వస్తే పాపన్న బజ్జీల బండి దగ్గర పిల్లలు గుంపుగా ఉన్నారు. వాళ్లలో అంకయ్య ఒకడు. రెడ్డెమ్మ తరగతే. రెడ్డెమ్మ గొప్పలు విని విని వాడికి ఒళ్లు మండిపోయింది.

“ఉప్పు సూసేది ఏం గొప్ప? మా మేక కూడా ఉప్పు నాకుతాది” అన్నాడు. “పాపన్న మిరపకాయ బజ్జీ తిని, నీళ్లు తాగకుండా ఉండు. అప్పుడు నీ నాలిక గొప్పదని ఒప్పుకుంటా.”

“ఒకటేం, రెండు తింటా!”

బజ్జీలు అప్పుడే నూనెలోంచి దిగాయి. ఊదుకుని తిందామంటే అంకయ్య నవ్వుతాడు. రెడ్డెమ్మ పట్టుకుని కొరికేసింది. కళ్లలోంచి నీళ్లు, ముక్కులోంచి నీళ్లు. నోట్లోకి మాత్రం ఒక్క చుక్క నీళ్లు పోనివ్వలేదు. రెండోదీ నమిలి మింగేసింది.

“గెలిచినా!” అంది. ఆ మాట సగమే పలికింది. నాలుక కంబళి ముక్కలా మొద్దుబారిపోయింది.

కాసేపటికి తగ్గుతుందనుకుంది. తగ్గలేదు. ఇంతలో మళ్లీ కేక వినపడింది.

“ఉప్పూ!”

పరదా వెనక పెద్ద డేగిసా పొయ్యి మీద ఉంది. అందులో నూక, పెసరపప్పు, అల్లం, పుదీనా కుతకుత ఉడుకుతున్నాయి. పక్కనే తెల్లగడ్డం షరీఫ్ తాత చేతికర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు. పరదా సందులోంచి అంకయ్య, వాడి వెనక పిల్లలందరూ తొంగి చూస్తున్నారు.

మరియం గరిటెతో రెడ్డెమ్మ అరచేతిలో కాస్త గంజి పోసింది. రెడ్డెమ్మ నోట్లో వేసుకుంది. వెచ్చగా ఉన్నట్టు తెలిసింది. అంతే. ఉప్పూ లేదు, పులుపూ లేదు, ఏమీ లేదు.

“ఏం బిడ్డా?” అంది మరియం.

అందరూ తననే చూస్తున్నారు. ‘తెలీలేదు’ అందామనుకుంది. అంటే అంకయ్య ఊరంతా దండోరా వేస్తాడు. ఏ రుచీ తగల్లేదంటే ఉప్పు తక్కువనే కదా అని తనకు తానే చెప్పుకుంది.

“సాల్దత్తా” అంది.

“సాల్దా? సరిగ్గానే ఏసినానే!” అంటూ మరియం పిడికెడు ఉప్పు వేసి కలిపింది. రెడ్డెమ్మ మళ్లీ రుచి చూసింది. మళ్లీ ఏమీ తెలియలేదు.

“ఇంకొంచెం ఏయాల.”

మరియం చేయి గాల్లోనే ఆగింది. “నిజంగానా?”

“ఆఁ.”

“సరే. నీ నాలికే నాకు ఆధారం” అని ఇంకో పిడికెడు వేసింది.

మూడోసారి రెడ్డెమ్మకు భయం వేసింది. “సరిపోయింది!” అని గబగబా అనేసి బయటికి వచ్చేసింది.

నేరుగా ఇంట్లోకి పోయి, ఉప్పు కుండలోంచి ఒక కల్లుప్పు రాయి తీసి నాలుక మీద పెట్టుకుంది. అది చిన్న గులకరాయిలా నోట్లో కూర్చుంది. రుచి లేదు! ఉప్పే ఉప్పగా లేకపోతే ఇంక గంజి సంగతి చెప్పాలా?

‘ఏం కాదులే, బాగానే ఉంటుందిలే’ అనుకుంటూ మళ్లీ అంగడి దగ్గరికి వచ్చింది. మెట్టు మీద షంషాద్ కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయాయి. అయినా మొహం వెలిగిపోతోంది.

“ఇంకొంచెంసేపే రెడ్డెమ్మా” అంది షంషాద్. “పొద్దున్నించీ ఆకలి తెలీలే గానీ, ఆ గంజి వాసన వచ్చినప్పట్నించీ ఆగలేకుండా ఉండా. మా అమ్మ చేసింది అందరూ తాగుతారంట! మొదటి గుక్క నువ్వూ నాతో తాగాల, సరేనా?”

పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు తాగని పిల్ల మొదటి గుక్క తాగి, అందరి ముందూ ఉమ్మేస్తే? ఆ మొహం తలచుకుంటేనే రెడ్డెమ్మకు ఏడుపొచ్చింది. ఇంక అక్కడ నిలవలేదు. పరదా తోసుకుని లోపలికి పరుగెత్తింది.

“అత్తా! నాకు రుచి తెలీలేదత్తా! బజ్జీ తిని నాలిక కాల్చుకున్నా. ఏమీ తెలీకనే ఉప్పు ఏయించినా. అబద్ధం సెప్పినా!”

మరియం చేతిలో గరిటె ఆగిపోయింది. షరీఫ్ తాత గడ్డం నిమరడం ఆపేశాడు. ఇస్మాయిల్ పరదా ఎత్తి ఆకాశం వైపు చూశాడు. పొద్దు కొండ మీదికి వాలిపోయింది.

“తెలీలేదని అప్పుడే సెప్పుంటే ఇంకొకరిని పిలుచుకుందుము గదా బిడ్డా” అంది మరియం. తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండేదని రెడ్డెమ్మకు అనిపించింది.

“మా అమ్మను పిలుచుకోనొస్తా!” అంటూ ఉరికింది.

రెడ్డెమ్మ తల్లి చౌడమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, అరచేతిలో గంజి పోయించుకుని నాకింది. మొహమంతా ముడుచుకుపోయింది.

“రామ రామ! ఇదేం గంజమ్మా మరియమ్మా, సముద్రం తెచ్చి కాసినావా?”

“నీళ్లు పోద్దామంటే పలచనైపోతాది అక్కా. రేషన్ నూక అంతా ఏసేసినా. ఇంట్లో గింజ లేదు” అంది మరియం.

చౌడమ్మ తన ఇంటి వైపు తిరిగింది. “మా ఇంట్లో కొర్రన్నం వండి దించినా. ఉప్పు ఏయలా. ఏయ్ రెడ్డీ, కుండ ఎత్తుకోని రా!”

“అది రాత్రికి మీ కూడు గదా అక్కా!”

“మేమూ ఈడే గంజి తాగుతాం లే. ఇంత ఉప్పు తినిపించిన మా పిల్లను మాత్రం ఉప్పుచేప మాదిరి ఎండబెట్టు!”

రెడ్డెమ్మ కుండ గుడ్డతో పట్టుకుని, ఒలకకుండా, పరుగులాంటి నడకతో తెచ్చింది. ఇస్మాయిల్ ఇంకో డేగిసాలోకి సగం గంజి వంచాడు. టీ కోసం మరుగుతున్న నీళ్లన్నీ రెండింట్లోకీ పోశాడు. చౌడమ్మ కొర్రన్నం మెదిపి వేస్తుంటే మరియం ఒకటి, రెడ్డెమ్మ ఒకటి గరిటె పట్టి కలిపారు. పొగకు కళ్లు మండాయి. చెమట చెవుల మీదుగా కారింది. రెడ్డెమ్మ గరిటె వదల్లేదు.

చౌడమ్మ మళ్లీ నాకి చూసింది. “ఇప్పుడు సరిపోయింది” అంది ధీమాగా.

మసీదు నుంచి పిలుపు వినపడేసరికి అంగడి ముందు చాపలు పరిచి ఉన్నాయి. జనం వరసగా కూర్చున్నారు. ఒక డేగిసా గంజి రెండు కావడంతో, అప్పుడే పొగ కక్కుకుంటూ వచ్చిన పుంగనూరు బస్సు జనానికి కూడా ఇస్మాయిల్ పిలిచి గిన్నెలు ఇచ్చాడు. గోవిందరాజులు అందరికన్నా ముందే చాప మీద చోటు చూసుకున్నాడు. అంకయ్య కూడా ఒక గిన్నె పట్టుకుని చివర్లో చేరాడు.

ఉపవాసం ఉన్నవాళ్లు ముందు నీళ్లు తాగారు. తర్వాత గంజి తాగారు. షరీఫ్ తాత రెండు గుక్కలు తాగి, గిన్నె దించి, గడ్డం తుడుచుకున్నాడు. మరియం పరదా పక్కన నిలబడి ఆయన మొహమే చూస్తోంది.

“ఏమ్మా ఉప్పు సూసే తల్లీ! నువ్వే సెప్పు, ఎట్లుండాది?” అన్నాడు షరీఫ్ తాత.

వరస వరసంతా రెడ్డెమ్మ వైపు తిరిగింది. గోవిందరాజులు తిరిగాడు. గిన్నె అంచు మీదుగా అంకయ్య చూస్తున్నాడు. రెడ్డెమ్మ ఒక గుక్క తాగింది. కళ్లు మూసుకోలేదు, చప్పరించలేదు.

“నాకు తెలీడం లే తాతా!” అంది, వరస చివరిదాకా వినపడేటట్టు. “నాలిక కాలిండాది. షంషాద్‌ను అడగండి.”

షంషాద్ అప్పటికే గిన్నె సగం ఖాళీ చేసింది. మూతి తుడుచుకుని, “శానా బాగుండాది” అని, తల్లి వైపు ఒకసారి చూసి, “ఉప్పే కొంచెం తక్కువ” అంది.

“తక్కువా? మా ఇంట్లో ఇంతే తింటాం!” అని చౌడమ్మ గయ్యిమంది.

చాపల మీద అందరూ ఒక్కసారిగా నవ్వారు. షరీఫ్ తాత నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మరియం కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “రేపు అలావుద్దీన్ తాత లేకుంటే నువ్వే కాయాల మరియం” అన్నాడు షరీఫ్ తాత, ఖాళీ గిన్నె మళ్లీ చాపుతూ.

రెడ్డెమ్మ లోపలికి పోయి, ఉప్పు జాడీ రెండు చేతులతో ఎత్తుకుని వచ్చింది. వరస మొదట్లో నిలబడి, ఒక్కొక్కరి ముందూ వంగి, జాడీ చాపింది.

“నాకు తెలీదు, మీరే సూసుకోని ఏసుకోండి” అంటూ అంకయ్య దాకా వచ్చింది.

అంకయ్య జాడీలో వేళ్లు పెట్టి, చిటికెడు తీసి, గిన్నెలో వేసుకున్నాడు. రెడ్డెమ్మ పక్కవాళ్ల దగ్గరికి జరిగింది.