రంగు పట్టని దారం

పాట్రిక్ పండుగ రేపనగా పొద్దున్నే ఏడింటికి కోనల్ మగ్గం మీద కూర్చున్నాడు. వంటింటి గోడకు అవతలే మగ్గం గది. ఆ ఇంట్లో ఆ పూట ఎలా గడుస్తుందో తెలుసుకోవాలంటే ఆకాశం వంక చూడక్కర్లేదు, మగ్గం చప్పుడు వింటే చాలు. మంచి రోజున టకటకమని సమంగా వస్తుంది. ఆ రోజు దభీదభీమని వస్తోంది. కుక్క అప్పటికే బల్ల కిందకు దూరి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని పడుకుంది.

కిటికీ గట్టు మీద సాసర్‌లో నీళ్ళు పోసి నాలుగు షామ్‌రాక్ అనే మూడాకుల మొక్క రెమ్మలు పెట్టి ఉన్నాయి. పండుగనాడు తలా ఒకటి గుండె మీద గుచ్చుకోవడానికి యూనా ఏటా తనే కోసుకొస్తుంది. ఇంట్లో ఉన్నది ముగ్గురు, కోనల్, భార్య యూనా, కూతురు ఓర్లా. నాలుగోది కొడుకు కిల్లియన్‌ది. వాడు ఇల్లు వదిలి ఆరేళ్ళయింది. ఏటా ఆ రెమ్మ సాసర్‌లోనే వాడిపోతుంది, యూనా దాన్ని తీసి పొయ్యిలో పడేస్తుంది, ఎవరూ ఏమీ అడగరు.

"ఆ కోటు భుజం మీద ఏదైనా పట్టీ వేసెయ్యవే" అంది యూనా, జావ కలుపుతూ వెనక్కి తిరక్కుండానే. "ఎవరికీ కనబడదు. చక్కగా ఉంటుంది."

"ఇప్పుడు చక్కగా లేదా?" అంది ఓర్లా.

"ఉందిలే, కాదన్నానా? ఆ కుట్టు ఒక్కటే..."

"దాని కింది కుట్టు నువ్వు వేసిందేగా అమ్మా!"

గిన్నెలో గరిటె ఒక్క క్షణం ఆగి మళ్ళీ తిరిగింది.

ఆ కోటు సంగతి చెప్పాలి. మా ఊళ్ళో పండుగంటే లారీడు ఆకుపచ్చ ప్లాస్టిక్ టోపీలు, తళతళలాడే కాగితం లాంటి చొక్కాలు. పొద్దున వేసుకుంటారు, సాయంత్రానికి కాలవలో పడేస్తారు. వేసవి దాకా అవి రేవులో తేలుతూనే ఉంటాయి, మనం సిగ్గుపడకుండా చూస్తూనే ఉంటాం. ఈ ఏడు ఇరవయ్యేళ్ళ ఓర్లా, ఇంకో నలుగురు ఆడపిల్లలు కలిసి, కొత్త గుడ్డ అంగుళం కూడా కొనకుండా ఇంట్లో ఉన్న పాత బట్టలతోనే కుట్టుకుని ఊరేగింపు ముందు నడుస్తామన్నారు. ఊరు నవ్వింది. పాత గుడ్డల పటాలం అని పేరు కూడా పెట్టింది. ఓర్లా కోటు చూసినవాళ్ళు మాత్రం నోరు మూసుకున్నారు.

అటక మీది పెట్టెలో దొరికిన అన్న పాత బూడిదరంగు జాకెట్ అది. కోనల్ స్వయంగా నేసిన ఉన్ని. ఓర్లా దాన్ని విప్పి, నడుం దగ్గర బిగించి, కింద తాత వెయిస్ట్‌కోటు ముక్కలు చేర్చి మోకాళ్ళ దాకా దింపింది. నడుస్తుంటే అంచు గిర్రున తిరుగుతుంది. నానమ్మ డబ్బాలోని కొమ్ము బొత్తాలు పెట్టింది. వేళ్ళు గీరుకుపోతున్నా ముళ్ళపొదల పసుపు పూలు కోసుకొచ్చి, పటిక వేసి మరిగించి పసుపు పట్టించింది. ఆ మీద నీలిమందులో ముంచితే, వాన వెలిసిన కొండ రంగు వచ్చింది.

ఆరాక చూస్తే కాలర్ నుంచి చంక దాకా వంకరటింకరగా బూడిదరంగు గీత ఒకటి తేలింది. ఉన్ని రంగు పట్టింది, ఆ గీత పట్టలేదు. చిరిగిన చోట యూనా ఎవరికీ కనబడకుండా పోగుకు పోగు కలిపి వేసిన చాటు కుట్టు అది, పాలియెస్టర్ దారంతో. ఆరేళ్ళు ఎవరి కంటా పడని చిరుగును రంగుకుండ ఒక్క పూటలో బయటపెట్టింది. దాని చుట్టూ ఏవో పాత మరకలు నల్లబడి కూర్చున్నాయి.

"మగ్గంలో చిక్కుకుని చిరిగింది" అంది యూనా ఆ గీత చూసి. అప్పట్లో ఊరికి కూడా అదే చెప్పారు. కిల్లియన్ దవడ విరగడానికి కారణం నిచ్చెన మీంచి పడటం అన్నారు. అప్పటికి ఓర్లాకు పద్నాలుగేళ్ళు, ఆ వారం పిన్ని ఇంట్లో ఉంది. ఇప్పుడు తన పిడికిలి బిగించి చిరుగు మొదలైన చోట పెట్టి చూసుకుంది. సరిగ్గా సరిపోయింది. మర్నాడే బస్సెక్కి, ముప్పై మైళ్ళ దూరంలో బస్సు నడుపుకుంటున్న అన్న దగ్గరికి వెళ్ళి అడిగింది. వాడు చెప్పాడు.

పడుగు, అంటే నిలువు పోగులు, మగ్గానికి ఎక్కించేటప్పుడు కిల్లియన్ ఒక్క పోగు తప్పు కన్నంలో దూర్చాడట. అది చూసుకోకుండా ఇరవై గజాలు నేసేశారు. కోనల్ వాడి కాలర్ పట్టుకుని తల మగ్గం స్తంభానికేసి కొట్టాడు. ఒకసారి కాదు, దవడ ఎముక చప్పుడయ్యేదాకా. వాడు విదిలించుకుని పరిగెత్తాడు. జాకెట్ తండ్రి చేతిలో ఉండిపోయింది.

ఓర్లా ఇంటికొచ్చి ఆ గీతను కప్పలేదు. దాని మీద లావుపాటి పసుపు ఉన్నితో, వీధి చివరి నుంచి కూడా కనబడేలా కుట్టింది. "వచ్చి చూడరా అన్నయ్యా" అని ఫోన్ చేసింది. "చర్చి గోడ దగ్గర నిలబడతా. ఆ ఇంట్లో మాత్రం కాలు పెట్టను" అన్నాడు వాడు. అన్న కళ్ళ ముందు, ఊరందరి ముందు ఆ చిరుగు నడిచి వెళ్ళాలి. ఓర్లాకు కావలసింది అంతే.

మగ్గం ఆగింది. కోనల్ వంటింట్లోకి వచ్చాడు. యూనా టీ కప్పు ముందు పెట్టింది.

"సాలీ నిన్న కొట్లో అందరి ముందూ అడిగింది" అన్నాడు. "మీ అమ్మాయి కోటు భుజం మీద ఆ గీతేంటని. ఏం చెప్పమంటావ్?"

"ఏం జరిగిందో అది చెప్పు నాన్నా" అంది ఓర్లా.

కప్పు గోడకు తగిలి పగిలింది. టీ మరక కారుతోంటే యూనా అలవాటుగా గుడ్డ తీసుకుంది.

"తియ్యి అది. ఆ దారమంతా పీకెయ్."

"తియ్యను."

"నేను నేసిన గుడ్డ అది!"

"నువ్వు నేసిందే. చించింది కూడా నువ్వే. నేను కుట్టానంతే."

"ఓర్లా, ఊరుకోవే" అంది యూనా సన్నగా. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఇంటి గుట్టు..."

ఆ మాట పూర్తి కాలేదు. కోనల్ బల్ల మీది పెద్ద కత్తెర అందుకుని, రెండో చేత్తో ఓర్లా ఒళ్ళోని కోటు లాగాడు. ఓర్లా వదల్లేదు. ఇద్దరి మధ్యా కుర్చీ పడింది, జావ గిన్నె దొర్లింది. "వదులు!" అని అరిచాడు. "చంపినా వదలను!" అంది ఓర్లా. కోనల్ కత్తెర తెరిచి కోటు భుజం మీద పెట్టి కసిగా నొక్కాడు. పసుపు కుట్టు మీద నుంచే, పాత చిరుగు పొడవునా గుడ్డ మళ్ళీ చీలింది. గుడ్డతో పాటు దాన్ని పట్టుకున్న అరచెయ్యి కూడా తెగింది. నేల మీద రక్తం టపటపా రాలింది. అయినా అతని చెయ్యి ఆగలేదు. కత్తెర కింద పడేసి కూతురి చెంప మీద ఒకటి వేశాడు. ఓర్లా పొయ్యి గట్టుకు కొట్టుకుని కూలబడింది.

యూనా వంగి కత్తెర తీసుకుంది. కోనల్ వైపు వెళ్ళలేదు. తిన్నగా మగ్గం గదిలోకి వెళ్ళింది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కసుక్కు కసుక్కుమని చప్పుడు వినబడింది. నేతగాడి ఇంట్లో పుట్టినవాళ్ళకు ఆ చప్పుడేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. కోనల్ ఒక్క కేక పెట్టి పరిగెత్తాడు. మగ్గానికి అడ్డంగా నిలబడి యూనా పడుగు కోసేస్తోంది. బిగుతుగా ఉన్న పోగులు తెగినవి తెగినట్టే ఎగిరి వెనక్కి పడుతున్నాయి.

"పిచ్చెక్కిందా నీకు!" అతను ఆమె స్వెట్టర్ కాలర్ పట్టుకుని వెనక్కి గుంజాడు. పిడికిలి లేచింది.

"ఒక్క పోగు తప్పిందని నా కొడుకు దవడ విరగ్గొట్టావు" అంది యూనా. గొంతు పెంచలేదు. "ఇవి వెయ్యీ ఎనభై పోగులు. అన్నీ నేనే కోశాను. కొట్టు. ఎన్ని దెబ్బలో లెక్క నువ్వే చెప్పు."

పిడికిలి గాల్లోనే ఉంది.

"ఆ రోజు జాకెట్ నీ చేతిలో మిగిలింది, పిల్లాడు మిగల్లేదు. దాన్ని నేను కుట్టి దాచాను చూడు, అదీ నా తప్పు. నీ కోపానికి ఆరేళ్ళు చాటు కుట్లు వేశాను. ఇప్పుడు నా కూతురి రక్తం నా వంటింట్లో ఉంది. నా కాలర్ పట్టుకున్న ఆ చెయ్యి ఎక్కడుందో చూసుకో కోనల్!"

కోనల్ చూసుకున్నాడు. కాలర్ కిందే, సరిగ్గా ఆ చోటే. వేళ్ళు వాటంతట అవే వదులయ్యాయి. మగ్గం బల్ల మీద కూలబడిపోయాడు.

"ఇంకొక్కసారి ఎవరి మీదైనా చెయ్యెత్తావంటే" అంది యూనా గుమ్మంలో ఆగి, "ఈసారి తెగేది పోగులు కాదు. మేం."

ఆస్పత్రిలో ఓర్లా అరచేతికి ఏడు కుట్లు పడ్డాయి. "ఎలా తెగింది?" అని డాక్టరు అడిగితే, "కత్తెర జారింది" అంది ఓర్లా. అని, తను ఏమన్నదో తనకే వినబడి బిత్తరపోయింది. పక్కన కూర్చున్న యూనా మొహం చేతుల్లో దాచుకుంది.

"అచ్చం నాలాగే చెప్పావే తల్లీ" అని వెక్కివెక్కి ఏడ్చింది. "నీకు నేర్పింది ఇదా!"

ఇంటికొచ్చాక ఓర్లా కుట్టలేకపోయింది. సూది యూనా తీసుకుంది. వేళ్ళంత పొడుగు కుట్లు, పసుపు ఉన్నితో, పైకి కనబడేలా వేసింది. గోడ అవతల మగ్గం చప్పుడు లేదు. కోనల్ లాంతరు దగ్గరికి జరుపుకుని తెగిన పోగులు ఒక్కొక్కటీ వెతికి ముడేస్తున్నాడు. పోగు అందించడానికి ఒకరు, ముడెయ్యడానికి ఒకరు ఉండాల్సిన పని అది. అన్నానికి రాలేదు, ఎవరూ పిలవలేదు.

పండుగనాడు మధ్యాహ్నం ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. బ్యాండు మేళం ఊపిరి పీల్చుకుంటోంది, సన్నగా జల్లు పడుతోంది. ఐదుగురు పిల్లలూ ముందు నిలబడ్డారు. ఓర్లా కోటు చూసి ప్లాస్టిక్ టోపీల వాళ్ళు కూడా దారిచ్చారు. చర్చి గోడ దగ్గర కిల్లియన్ నిలబడి ఉన్నాడు. సన్నబడ్డాడు, దవడ ఒక పక్కకు కొంచెం ఒరిగి ఉంది. యూనా వాడి దగ్గరికి వెళ్ళి, రుమాల్లోంచి రెమ్మ తీసి, పిన్నుతో వాడి గుండె మీద గుచ్చింది.

"అబ్బా! అమ్మా, పొడిచావే!" అన్నాడు వాడు. ఆరేళ్ళ తర్వాత తల్లికి వినబడ్డ మొదటి మాట అది. ఆమె నవ్విందో ఏడ్చిందో చెప్పడం కష్టం. ఆ ఏడు సాసర్‌లో మిగిలిపోయిన రెమ్మ కోనల్‌ది.

సాలీ వచ్చేసింది. పెళ్ళయినా చావయినా ముందు వరసలో నిలబడే మనిషి. "ఏమే ఓర్లా, కోటు భలే కుదిరిందే! ఆ చిరుగేంటి మరి? ఈ చేతి కట్టేంటి?"

చుట్టూ పదిమంది చెవులు రిక్కించారు. ఓర్లా నోరు తెరిచింది. పాత అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది.

"నేను చించాను."

అందరూ వెనక్కి తిరిగారు. కోనల్ ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. గడ్డం గీసుకోలేదు. వేళ్ళ చివర్లు దారం కోసి ఎర్రబడి ఉన్నాయి.

"నేనే చించాను సాలీ. నిచ్చెనా లేదు, ఏమీ లేదు. నా కొడుకు దవడ విరగ్గొట్టింది నేను. నిన్న ఆ కోటు మళ్ళీ కోసింది, పిల్ల చెయ్యి కోసింది నేను." కోనల్ ఓ అడుగు ముందుకేశాడు. "ఇంకెవర్నీ అడక్కు. నన్నడుగు."

సాలీ జీవితంలో మొదటిసారి వెనక వరసలోకి జరిగింది. బ్యాండు వాయించడం మొదలుపెట్టింది. ఓర్లా తండ్రి మొహంలోకి చూసింది. కన్నీళ్ళు కారుతుండగానే తల పైకెత్తి, ఆ పసుపు చిరుగుతో అందరికన్నా ముందు నడిచింది. చర్చి గోడ దాటేటప్పుడు కట్టు కట్టిన చెయ్యి ఎత్తి అన్నకు చూపించింది.

ఊరేగింపు సాగిపోయాక గోడ దగ్గర తండ్రీ కొడుకులు నాలుగడుగుల దూరంలో మిగిలారు. కోనల్ దగ్గరికి వెళ్ళలేదు.

"క్షమించమని అడిగే మొహం లేదురా నాకు. ఇంటికి రమ్మని కూడా అడగను" అన్నాడు నేల చూస్తూ.

కిల్లియన్ దవడ తడుముకున్నాడు.

"పడుగు తెగిందంటగా. ఓర్లా చెప్పింది."

"ఆఁ."

"ఎన్ని ముడేశావ్?"

"నూట నలభై." కోనల్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "చూపు ఆనడం లేదు. అందించేవాళ్ళు లేక..."

"ఇంట్లో కాలు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను" అన్నాడు కిల్లియన్. వాన కొంచెం పెరిగింది. "మగ్గం గదికి బయట నుంచి వేరే తలుపు ఉండేది."

కోనల్ తల పైకెత్తాడు. కొడుకు పక్కనే ఉన్న యూనాయే చెప్పింది.

"ఇప్పటికీ ఉందిరా. ఆరేళ్ళుగా దానికి గడియ పెట్టనివ్వలేదు మీ నాన్న."